వాకిటి కన్ను

తలుపు చప్పుడయితే లోపలి నుంచి ‘ఎవరూ?’ అని అడగడం, బయటి నుంచి ‘నేనే’ అని బదులు రావడం మన ఇళ్ళలో తరతరాలుగా సాగుతున్న సంభాషణ. ఆ ‘నేనే’ అన్న మాటలో పేరు లేదు, ఊరు లేదు. అయినా లోపలివారు గొంతును బట్టి మనిషిని పోల్చుకొని గడియ తీసేవారు. గొంతులన్నీ తెలిసినవైనంత కాలం ఆ జవాబు చాలింది. ఒకే మెట్ల దారిలో పది కుటుంబాలు, ఒకే వీధిలో పది వసతి గృహాలు వెలసిన తరువాత అది చాలడం లేదు. గుమ్మం పక్కన బిగించే కెమెరా గంట, అంటే వీడియో డోర్‌బెల్, ఆ లోటు తీరుస్తానంటూ అంగళ్ళలోకి వచ్చింది. దానిని కొనడం తగునా, తగదా అన్నదే ఇక్కడి విచారణ.

అరచేతిలో ఇమిడే ఆ పెట్టెలో కెమెరా, మైకు, స్పీకరు, ఒక మీట ఉంటాయి. ఎవరైనా మీట నొక్కినా, ఎదురుగా కదలినా అది ఇంట్లోని వైఫై ద్వారా యజమాని సెల్‌ఫోనుకు కబురు పంపుతుంది. అతడు పడకగదిలో ఉన్నా, పరదేశంలో ఉన్నా వచ్చిన మనిషిని చూడవచ్చు, మాట్లాడవచ్చు.

ఈ ఊహ నిన్న మొన్నటిది కాదు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. భార్యాభర్తల ఉద్యోగాలకు వేళాపాళా లేకపోవడం వల్ల ఆమె రాత్రులు ఒంటరిగా ఉండవలసి వచ్చేది. ఆపదలో పిలిచినా పోలీసులు త్వరగా వచ్చేవారు కారు. 1966లో ఆమె, భర్త ఆల్బర్ట్ బ్రౌన్ కలిసి ఒక సాధనానికి పేటెంటు కోరారు. తలుపుకు వేరువేరు ఎత్తుల్లో రంధ్రాలు, వాటి వెంట జరిగే కెమెరా, లోపలి గదిలో బొమ్మ కనిపించే తెర, బయటి వ్యక్తితో మాట్లాడే ఏర్పాటు, దూరం నుంచే గడియ తీసే మీట అందులోని భాగాలు. 1969 డిసెంబరు 2న పేటెంటు లభించింది. ఆ ఏర్పాటులో బొమ్మను చూడవలసినది ఇంట్లో భయంతో ఉన్న మనిషి. నేటి గంటలో బొమ్మ ముందుగా ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరుకు చేరి, అక్కడి నుంచి మన చేతికి వస్తుంది. చాలా రకాలలో ఇదే పద్ధతి. ఈ భేదం చిన్నదిగా కనిపిస్తుంది గాని, చిన్నది కాదు.

ఈ విషయం నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా మేనత్త ఇంటి వల్ల తెలిసింది. ఆమెది చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకు కొన్ని సందుల అవతల, పాతకాలపు డాబా ఇల్లు. మామయ్య పోయిన తరువాత ఆమె ముందు వాటాలో ఒంటరిగా ఉంటున్నది. పక్క వాటాలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ముగ్గురు అమ్మాయిలు అద్దెకు ఉన్నారు. రెండు వాటాలకూ వరండా ఒకటే, వీధి గేటు ఒకటే. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. గంట మోగితే మంచం దిగి వాకిలి చేరేసరికి వచ్చినవాడు వెళ్ళిపోయేవాడు. గ్యాస్ బండ రెండుసార్లు అలాగే వెనక్కు పోయింది. ఒకసారి తొందరపడి లేచి పడబోయింది కూడా.

న్యూజెర్సీలో ఉన్న ఆమె కుమారుడు, నాకు బావ, ఈ సంగతి విని అక్కడి నుంచే ఒక గంటను పంపాడు. నారాయణగూడ కూడలి దగ్గరి విద్యుత్ సామాన్ల దుకాణంలో దానిని చూపించాను. దుకాణదారు తిప్పి చూసి, “ఇది మన తీగలకు తగిలిస్తే బూడిదే మిగులుతుంది సార్” అన్నాడు. ఆయన మాట నిజం. అమెరికా ఇళ్ళలో గంట తీగలకు ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పదహారు నుంచి ఇరవై నాలుగు వోల్టుల విద్యుత్తు మాత్రమే అందుతుంది. మన ఇళ్ళలో గంట మీటకు నేరుగా 230 వోల్టులు వస్తాయి. ఇక్కడ కొనదలచినవారు మొదట చూసుకోవలసిన సంగతి ఇది. చివరకు బ్యాటరీతో పనిచేసే మరొక గంటను కొన్నాము. ఇటువంటివి అయిదారు వేల రూపాయలకు దొరుకుతున్నాయి. దృశ్యాలను కంపెనీ దగ్గర దాచుకోవడానికి చాలా కంపెనీలు ఏటేటా చందా అడుగుతాయి. ధర చూసి సంతోషించేవారు ఈ చందాను కూడా కలుపుకొని లెక్క వేసుకోవాలి.

మొదటి నెల అత్తయ్య ఆనందానికి అవధి లేదు. మంచం మీది నుంచే “ఉండు నాయనా, వస్తున్నా” అని చెప్పగలిగింది. గ్యాస్ బండ వెనక్కు పోలేదు. ఆ ఒక్క మేలుకే వేలు ఖర్చు పెట్టవచ్చునని నేను ఇప్పటికీ అంటాను. ఇబ్బందులు లేకపోలేదు. ఇటువంటి బ్యాటరీ గంటలు చాలావరకు ఒంటి వేడిమి కదలికను బట్టి మనిషిని పసిగడతాయి. మే నెల ఎండలో గోడలూ గాలీ మనిషి ఒంటి వేడికి దగ్గరయ్యేసరికి తడబడతాయి. కరెంటు పోతే వైఫై పోతుంది. వైఫై పోతే ఫోనుకు కబురు రాదు. వీటిని సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది వేరే జరిగింది.

గంట కంటికి మా గేటు కనబడుతుంది, వరండా కనబడుతుంది, పక్క వాటా గుమ్మం కూడా కనబడుతుంది. ఆ దృశ్యాలన్నీ బావ ఫోనుకు వెళ్ళేవి. మనకు రాత్రి పది గంటలంటే అతనికి మధ్యాహ్న భోజనపు వేళ. ఒకనాడు తల్లికి ఫోను చేసి, “అమ్మా, పక్క వాటా అమ్మాయి ఒకతె రోజూ పది దాటాక వస్తోంది. ఎవరో అబ్బాయి బండి మీద దింపి పోతున్నాడు. కాస్త కనుక్కో” అన్నాడు. అతని మనసులో దురుద్దేశం లేదు. తల్లి ఉన్న ఇల్లు కదా అన్న ఆదుర్దా తప్ప. అత్తయ్య కూడా కల్లాకపటం లేని మనిషి. మరునాడు ఆ అమ్మాయినే అడిగేసింది. ఆమె నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దుపోయే దాకా చదువుకొని, అశోక్‌నగర్‌లో వసతి గృహంలో ఉండే తమ్ముడి బండి మీద ఇంటికి చేరుతున్నది. జవాబు చెప్పి, “మీరు చూశారా అమ్మమ్మా?” అని అడిగింది. “మావాడు చూశాడమ్మా” అన్నది అత్తయ్య, నిజమే కనుక. ఆ అమ్మాయి మరేమీ అనలేదు. ఆ రాత్రి నుంచి వెనుక సందు తలుపు గుండా రావడం మొదలుపెట్టింది. ఆ సందులో వీధి దీపం లేదు.

ఇంటికి భద్రత కోసం పెట్టిన కన్ను ఆ ఇంట్లోని ఒక ఆడపిల్లను చీకటి దారి పట్టించింది. అద్దె కడుతున్నంత మాత్రాన తన రాకపోకల లెక్కను వేల మైళ్ళ దూరంలోని వ్యక్తికి ఒప్పజెప్పవలసిన పని ఆమెకు లేదు.

‘మన గుమ్మం, మన కెమెరా; అడగడానికి ఎవరు?’ అనేవారున్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది గాని, ఒక వ్యక్తి తన సొంత, గృహ అవసరాలకు వాడుకునే సమాచారాన్ని దాని పరిధి నుంచి మినహాయించింది. ఇంగ్లండులో 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఇటువంటి తగవునే విచారించి, కెమెరాలూ వాటి మైకులూ పొరుగువారి ఆవరణలోని మాటలను సైతం పట్టుకోవడాన్ని తప్పుపట్టింది. బొమ్మ కంటె మాటను పట్టుకోవడమే మరింత అభ్యంతరకరమన్న ఆ దృష్టి నాకు సమంజసంగా తోస్తుంది. వరండాలో ఇద్దరు ఆడపిల్లలు చెప్పుకునే కష్టసుఖాలు గంటకు ఎందుకు?

కంపెనీల మీద నమ్మకం ఎంత ఉంచాలన్నది మరొక ప్రశ్న. ఈ గంటలకు పేరు తెచ్చిన రింగ్ సంస్థను 2018లో అమెజాన్ కొన్నది. ఆ సంస్థ ఉద్యోగులు, గుత్తేదారులు వినియోగదారుల ఇళ్ళ దృశ్యాలను చూడగలిగేవారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో అభియోగం మోపింది. 58 లక్షల డాలర్లు చెల్లించడానికి సంస్థ ఒప్పుకొన్నది.

కెమెరాలే వద్దని నా వాదన కాదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం ఎక్కువగా చేరే సంస్థలలో వాటిని తప్పనిసరి చేసింది. ‘నేను సైతం’ కార్యక్రమం ద్వారా పోలీసులు పౌరులను, వ్యాపారులను కెమెరాలు పెట్టుకొమ్మని ప్రోత్సహించారు. దొంగతనం జరిగిన తరువాత అవి ఆచూకీ తీయడానికి పనికివస్తాయి. అయితే గంట దొంగను చూస్తుందే గాని ఆపదు. ఆపేది గట్టి గడియ, ఇనుప జాలీ తలుపు, మెట్ల దగ్గర వెలిగే దీపం.

నేను అశోక్‌నగర్‌లో మూడవ అంతస్తు ఫ్లాటులో ఉంటాను. ఎదుటివారి తలుపు నాలుగడుగుల దూరం. అక్కడ కెమెరా గంట పెడితే అది నాకు వచ్చే అతిథుల కంటె వారి ఇంటికి వచ్చేవారినే ఎక్కువగా చూస్తుంది. కింద వాచ్‌మన్ ఉన్నాడు. నా కాళ్ళు బాగానే నడుస్తున్నాయి. అందువల్ల నేను కొనలేదు. కొన్ని వందల రూపాయలతో తలుపుకు డోర్ ఐ బిగించి, వసారాలో కాలిపోయిన బల్బు మార్పించాను. ఎదుటివారు ఆ బల్బు సగం ఖర్చు ఇవ్వబోయారు. నేను తీసుకోలేదు.

అత్తయ్య సంగతి వేరు. ఆమెకు ఆ గంట అవసరం. కనుక తీసివేయమని నేను చెప్పలేదు. దానిని విప్పి, చిన్న చెక్కముక్క ఆనించి గేటు వైపు తిప్పి బిగించాము. పక్క వాటా గుమ్మం ఇప్పుడు దానికి కనబడదు. మాటల రికార్డింగు ఆపాము. కదలికకు కాక, మీట నొక్కినప్పుడే దృశ్యం తీసేటట్లు మార్చాము; దాంతో బ్యాటరీ కూడా ఎక్కువ కాలం వస్తున్నది. దృశ్యాలు కంపెనీకి పోకుండా లోపలి కార్డులోనే నిలుస్తాయి. కబురు అత్తయ్య ఫోనుకు మాత్రమే వస్తుంది. బావ మొదట చిన్నబుచ్చుకొన్నాడు. “నాకేమీ కనబడకపోతే ఎలా బావా?” అన్నాడు. రోజుకొకసారి అమ్మకు ఫోను చేయమన్నాను. ఇప్పుడు చేస్తున్నాడు, కొన్ని రోజులు మరచిపోతూ.

ఇవన్నీ చేసే ముందు ఆ అమ్మాయిలను కూడా పిలిచి ఫోనులో ఏమి కనబడుతుందో చూపించాము. ఆ పని గంట బిగించిన రోజునే చేయవలసింది. వెనుక సందు నుంచి వచ్చే అమ్మాయి వారం తరువాత మళ్ళీ ముందు గేటు గుండా రావడం మొదలుపెట్టింది. రెండు నెలలకొకసారి గంటను విప్పి బ్యాటరీ నింపాలి. అత్తయ్య స్టూలు ఎక్కలేదు. ఆ పని ఆ అమ్మాయే చేసి పెడుతున్నది. ఆ పూట గంట గోడ మీద ఉండదు. ఎవరైనా తలుపు తడితే అత్తయ్య మంచం మీది నుంచి ‘ఎవరూ?’ అని కేక వేస్తుంది.