టిక్కు టిక్కులకీ మార్కులే

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మిత్రుడొకడు మొన్న ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. ఒకే పాత తెలుగు పాట. సీడీకి ‘డీఆర్’ 7, కొత్తగా అచ్చయిన ఎల్‌పీకి 12. కింద ఒక్క ముక్క: “ఇంకేం మాట్లాడతావ్?”

మాట్లాడతాను. నల్ల రికార్డులో ప్రాణం ఉంది, డిజిటల్‌లో పీనుగుంది అని ఇప్పుడో కొత్త మతం బయల్దేరింది. దాని గ్రంథం ఈ అంకె.

డైనమిక్ రేంజ్ అంటే ఒక మాధ్యమం మోయగల అతి పెద్ద శబ్దానికీ, దాని సొంత రొదలో మునిగిపోని అతి చిన్న శబ్దానికీ మధ్య దూరం. 16 బిట్ల సీడీకి అది సుమారు 96 డెసిబెల్స్. మంచి ఎల్‌పీ 60, 70 దగ్గర ఆగిపోతుంది. లక్కతో చేసిన 78 రికార్డు సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

మరి ఆ 12 ఎక్కణ్ణించొచ్చింది? ఆ మీటరు కొలిచేది వేరే సంగతి. పాటలో బాగా బిగ్గరగా ఉన్న ఐదో వంతు తీసుకుని, దాని సగటుకీ శిఖరానికీ తేడా చెబుతుంది. రెండు డిజిటల్ మాస్టర్లను పోల్చడానికి అది పనికొస్తుంది. కానీ గాడి కోసేటప్పుడూ, ముల్లు దాన్ని చదివేటప్పుడూ తరంగం ఆకారం మారిపోతుంది. చెవికి పెద్ద తేడా ఉండదు, శిఖరాలు మాత్రం లేస్తాయి. ఒకే మాస్టర్ నించి సీడీ, ఎల్‌పీ రెండూ చేసినా ఎల్‌పీకే ఎక్కువ మార్కులు పడొచ్చు.

పోయిన వేసవిలో అనకాపల్లిలో, మా పెదనాన్న అటక మీది నాటక పద్యాల 78లు కొన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. గీతల చప్పుళ్లు తీసేస్తే అంకె పడిపోయింది. పెదనాన్న తొంగిచూసి, “ఏట్రా, టిక్కు టిక్కులకి కూడా మార్కులేత్తన్నారా?” అన్నాడు. బెల్లం మార్కెట్లో జీవితమంతా కాటా చూసినాయన. దిమ్మతోపాటు గోనె తూస్తే ఊరుకోడు.

ఒకటి ఒప్పుకుంటాను. కొన్ని సీడీలు నిజంగానే చెవులు చిల్లులు పొడుస్తాయి. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ సీడీని అంత బిగ్గరగా నొక్కేశారు, అభిమానులే గొడవచేశారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ ఆటలో ఊపిరి పీల్చుకుంటూ వినిపించాయి. ఆ ఆటా డిజిటలే. తప్పు పళ్లెంది కాదు, వడ్డించిన చేతిది.

చెవితోనే పట్టేస్తాం అనేవాళ్లకి 2022 గుర్తుచేయాలి. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ, అచ్చమైన అనలాగ్ అని అందరూ నమ్మి కొన్న రికార్డులకి మధ్యలో డిజిటల్ మెట్టు వాడిందని ఆ ఏడు బయటపడింది. అప్పటిదాకా ఏళ్ల తరబడి ఆ రికార్డుల్లో వెచ్చదనం విన్నవాళ్లే ఎక్కువ.

మనకి ఇదంతా ఎందుకంటే, ఘంటసాల 1974లోనే పోయాడు. ఆయన గొంతు మిగిలింది టేపుల్లో, రికార్డుల్లో. టేపు పాడవుతుంది. అది ఏ స్థితిలో ఉంది, ఎవరు ఎక్కించారు, రొద తీసేస్తామని తంబురా కూడా తుడిచేశారా, అడగాల్సినవి ఇవి. మనమేమో టర్న్‌టేబుల్ పక్కన ఫొటో దిగి, ఏ ఫైలు నించి కోశారో తెలియని రికార్డుకి వేలు పోస్తున్నాం. కంపెనీలకి ఇంకేం కావాలి!

మిత్రుడికి ఒక్కటే ప్రశ్న పంపాను: “నీ ఎల్‌పీ ఏ టేపు నించి కోశారు?” అట్ట రెండు వైపులా చూశాడట. ఎక్కడా రాసి లేదు.