జాబితాలో జబ్బు పేరు చేరితే మందు చేరినట్టేనా?

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో 2025 సెప్టెంబరు 1 నుంచి వైద్య గంజాయి చట్టం పరిధి పెరిగింది. శాసనసభ్యుడు కెన్ కింగ్ తెచ్చిన హెచ్‌బీ 46 బిల్లుపై గవర్నర్ గ్రెగ్ అబాట్ ఆ ఏడాది జూన్‌లో సంతకం పెట్టారు. దీర్ఘకాలిక నొప్పి, మెదడుకు తగిలిన గాయాలు, క్రోన్స్ లాంటి పేగు వ్యాధులు ఉన్నవారికీ, మరణానికి దగ్గరపడినవారికీ ఇప్పుడు డాక్టర్లు ఈ మందు రాయొచ్చు. ఈ మందు తయారుచేసి అమ్మేందుకు అప్పటిదాకా మూడే ఉన్న లైసెన్సులను 15కు పెంచారు. మంచి పనే. కాకపోతే ఎన్నో ఏళ్లు ఆలస్యంగా జరిగింది.

గంజాయి అనగానే తెలుగు పాఠకుడికి మన్యంలోని తోటలు, చెక్‌పోస్టుల దగ్గర పట్టుబడే మూటలు, దారి తప్పిన కుర్రాళ్లు గుర్తుకొస్తారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల తోటలు నరికించారు. ఆ భయానికి కారణం ఉంది. అయితే టెక్సస్‌లో నడుస్తున్నది డాక్టరు రాసిన మోతాదు గురించిన చర్చ. అక్కడ పొగ తాగడానికి ఇప్పటికీ అనుమతి లేదు. గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ. సీబీడీ అనే మరో పదార్థానికి ఆ గుణం లేదు. డ్రావెట్ సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ ఉన్న 120 మంది పిల్లలు, యువకులపై శుద్ధి చేసిన సీబీడీని పరీక్షించి, ఫలితాలను 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. మందు తీసుకున్న పిల్లలకు ఫిట్స్ నెలకు మధ్యస్థ లెక్కన దాదాపు 12 నుంచి 6కు దిగాయి. ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో పెద్దగా మార్పు లేదు. నెలకు ఆరుసార్లు తక్కువగా బిడ్డ కొట్టుకోవడం అంటే ఏమిటో ఆ తల్లిదండ్రులకే తెలుసు.

టెక్సస్ ఈ దారిలో తొలి అడుగు వేసింది 2015లో. అప్పుడిచ్చింది మొండి మూర్ఛకు మాత్రమే. అంతకుముందు రెండు మందులు వాడి అవి పనిచేయలేదని తేలాలి, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. అంతా సిద్ధమై మొదటి రోగి ఇంటికి మందు చేరేసరికి 2018 ఫిబ్రవరి వచ్చింది. 2019లో ఆటిజం, మల్టిపుల్ స్క్లెరోసిస్, చివరి దశ క్యాన్సర్ లాంటివి చేర్చి, రెండో డాక్టరు సంతకం అక్కర్లేదన్నారు. క్యాన్సర్ ఏ దశలో ఉన్నా మందు ఇవ్వొచ్చనడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. 2025 బిల్లుపై చర్చ సాగుతుండగా ఒక దశలో దీర్ఘకాలిక నొప్పిని తీసేశారు. మాజీ సైనికులు గట్టిగా నిలదీశాకే అది మళ్లీ చోటు దక్కించుకుంది. పెద్దవారిలో దీర్ఘకాలిక నొప్పికి గంజాయి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయని అమెరికా జాతీయ అకాడమీల నివేదిక 2017లోనే చెప్పింది. ఎనిమిదేళ్లు ఆ మాట వినకుండా కూర్చున్నది శాసనసభ.

జాబితా సంగతి అలా ఉంచితే, అసలు చిక్కంతా అమలులో ఉంది. మొదట్లో చట్టం టీహెచ్‌సీని మందు బరువులో అర శాతానికి పరిమితం చేసింది. వినడానికి జాగ్రత్తగానే ఉంటుంది. లెక్క వేసి చూడండి: 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ అందాలంటే రోగి ఆ మందు కలిపిన నూనె 2 గ్రాములు మింగాలి. 2021లో పరిమితిని ఒక శాతం చేశాక కూడా ఒక గ్రాము తప్పదు. కీమోథెరపీతో వాంతులవుతూ, నీళ్లు కూడా నిలవని మనిషికి నూనె మోతాదు పెంచుకోమని చెప్పడం ఏం వైద్యం? ఈ నిబంధన రాసినవారు శాతాన్ని చూశారు కానీ రోగి కడుపును చూడలేదు. కొత్త చట్టం ఈ తప్పు దిద్దింది. ఇప్పుడు ఒక్కో మోతాదుకు 10 మిల్లీగ్రాములు, ఒక్కో ప్యాకెట్‌కు ఒక గ్రాము పరిమితి. చాలా మందుల కొలత ఇలాగే ఉంటుంది.

దూరం ఇంకో బాధ. 254 కౌంటీలున్న రాష్ట్రంలో లైసెన్సున్న మూడు సంస్థలూ మధ్య టెక్సస్‌లోనే ఉండేవి. వేరే ఊళ్లలో సరుకు నిల్వ చేయడానికి వీల్లేదు. డ్రైవర్ పొద్దున్నే మందు తీసుకెళ్లి, రోగులు అందుకోగా మిగిలినదాన్ని రాత్రికల్లా మళ్లీ వెనక్కి తేవాలి. ఆస్టిన్ నుంచి ఎల్ పాసోకు 900 కిలోమీటర్లకు పైగా దూరం! అలా తిరిగే ఖర్చంతా మందు ధరపైనే పడుతుంది. బీమా కంపెనీలు పైసా ఇవ్వవు. ఇప్పుడు ఇతర ప్రాంతాల్లో నిల్వ కేంద్రాలు పెట్టుకోవచ్చన్నారు. నిజంగా జనానికి మేలు చేసే నిబంధన ఇదే, పత్రికల్లో దీని గురించి రాసింది మాత్రం తక్కువ.

రోగిని ఇన్ని రకాలుగా తిప్పిన రాష్ట్రంలోనే, 2019లో హెంప్ (టీహెచ్‌సీ చాలా తక్కువగా ఉండే గంజాయి రకం) సాగును చట్టబద్ధం చేశాక, హెంప్ నుంచి తీసిన టీహెచ్‌సీ మిఠాయిలు, పానీయాలు అమ్మే దుకాణాలు వేల సంఖ్యలో వెలిశాయి. అక్కడ డాక్టరూ లేడు, చీటీ లేదు. వాటిని పూర్తిగా నిషేధించే బిల్లును 2025లో గవర్నర్ తిప్పి పంపారు. డాక్టరు పర్యవేక్షణలో, పరీక్షించిన మందు వాడదామనుకునే మనిషికి సందు చివర దుకాణానికి వెళ్లేవాడికంటే ఎక్కువ అడ్డంకులుండడం అన్యాయం.

తలుపులు బార్లా తెరిస్తే ఏమవుతుందో పక్కనున్న ఓక్లహోమాను చూడమంటారు కొందరు. ఆ వాదనను కొట్టిపారేయకూడదు. 2018లో అక్కడి ఓటర్లు జబ్బుల జాబితానే లేని వైద్య గంజాయి చట్టాన్ని ఆమోదించారు. కొన్నేళ్లలో దాదాపు పది మందిలో ఒకరికి వైద్య గంజాయి కార్డు వచ్చింది. అక్రమ తోటలు పెరిగి, 2022లో కొత్త లైసెన్సులు ఆపేయాల్సి వచ్చింది. కానీ అక్కడ చేయి దాటిపోయింది సాగు, లైసెన్సుల మీద నిఘా. క్యాన్సర్ రోగి కాదు. సాగుపై కట్టడి ఉంచి, ఏ జబ్బుకు రాయాలో డాక్టరుకు వదిలేయడం సాధ్యమే. ఇతర మందులకు ప్రతిసారీ శాసనసభ ఓటు వేయదు కదా.

ఇక టెక్సస్‌లోని ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో స్థిరపడ్డ మనవాళ్ల సంగతి. రాష్ట్ర చట్టం ఎంత విశాలమైనా అది పౌరసత్వం లేనివారిని కాపాడదు. వలస చట్టానికి ప్రమాణం ఫెడరల్ చట్టమే. రాష్ట్రంలో చట్టబద్ధమైనా గంజాయి వాడకం పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని అమెరికా వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో డాక్టరు మత్తు పదార్థాల గురించి అడుగుతారు. నిజం చెబితే కార్డుకు ముప్పు, అబద్ధం చెబితే అంతకంటే పెద్ద ముప్పు. హెచ్‌1బీ వీసాపై ఉంటూ గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉన్న తండ్రి తన నడుంనొప్పికి డాక్టరు రాసిన మందు వాడాలా వద్దా అన్నది ఆరోగ్య ప్రశ్నగా మిగలడం లేదు. వైద్యుడి పర్యవేక్షణలో వాడినవారికి ఈ వలస నిబంధనల నుంచి మినహాయింపు ఇవ్వాల్సింది అమెరికా కాంగ్రెస్సే.

టెక్సస్ శాసనసభ మళ్లీ 2027 జనవరిలో కూర్చుంటుంది. అక్కడ ఓటు హక్కున్న తెలుగువారు ఈలోగా తమ ప్రతినిధిని కలిసి, జబ్బుల జాబితా తీసేసి నిర్ణయాన్ని డాక్టర్ల చేతికివ్వాలని అడగాలి. ఇంకా వీసాపైనో గ్రీన్‌కార్డుపైనో ఉన్నవారు, డాక్టరు చీటీ రాసిచ్చినా సరే, మొదటి మోతాదు వేసుకునేముందు వలస చట్టాలు తెలిసిన న్యాయవాదితో తప్పక మాట్లాడండి.