పార్కుకి గేటు పెట్టారు సరే, తాళం ఎవరి దగ్గర?

విజయవాడ బందరు రోడ్డు మీద ఉన్న స్వరాజ్య మైదానాన్ని మన అమ్మలు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనే అనేవారు. రాజకీయ సభలు అక్కడే, ఎగ్జిబిషన్లు అక్కడే, జనవరి చలిలో పుస్తకాల పండగా అక్కడే. కంకిపాడు, ఉయ్యూరు నుంచి పిల్లల్ని వెంటేసుకుని బస్సెక్కితే చాలు, టిక్కెట్టు లేకుండా ఓ సాయంత్రం గడిచిపోయేది. 2020లో అక్కడ అంబేడ్కర్ స్మృతివనానికి శంకుస్థాపన జరిగింది. 2024 జనవరి 19న 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహాన్ని ఆవిష్కరించారు. దాదాపు 19 ఎకరాల మైదానం తీరు మారిపోయింది. 2025లో పుస్తకాల పండగ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో జరిగింది.

విగ్రహం ఎందుకని అడగడం లేదు. ఊరి నడిమధ్య ఆయన నిలబడటం న్యాయమే. పైగా ఊరుమ్మడి ఆస్తి అంటే ఏమిటో మనకు నేర్పినవాడూ ఆయనే కదా. 1927 మార్చిలో మహద్‌లో ఆయన నడిపిన పోరాటం ఒక చెరువు కోసం. మున్సిపాలిటీ అందరిదీ అని తీర్మానం చేసినా, దళితులు దోసెడు నీళ్లు ముట్టుకోలేని చెరువది. వేల మందితో నడిచి వెళ్లి ఆయన ఆ నీళ్లు తాగారు.

ఈ మాట ఎందుకంటే, పాత చెరువులూ రచ్చబండలూ తలచుకుంటే మనకు వెంటనే గుండె కరిగిపోతుంది. "ఆ రోజుల్లో ఎంత బాగుండేదో!" అంటాం. ఎవరికి బాగుండేది? రచ్చబండ మీద ఏ ఆడది కూర్చుంది? మన పక్క జిల్లాలోని కారంచేడులో 1985 జూలైలో జరిగిన ఘోరం మొదలైంది కూడా చెరువు గట్టునే. దళితవాడ తాగే నీళ్లను పాడుచేస్తుంటే అడ్డుపడ్డారు. బిందె ఎత్తి ఎదిరించింది ఒక స్త్రీ. మర్నాడు ఆరుగురి ప్రాణాలు పోయాయి. కాబట్టి పాతదాన్ని బాగుచేయడమంటే పాతకాలాన్ని తిరిగి తెచ్చుకోవడం కాదు సుమా. చెట్టూ, గట్టూ, నీళ్లూ కావాలి. ఆ పాత హద్దులు మాత్రం వద్దు.

ఇక్కడే లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల పని ఉంది. పూలమొక్కలు పెట్టించేవాళ్లనుకుంటాం గానీ, అసలు పని ఎవరు ఎటు నుంచి వస్తారు, ఎక్కడ కూర్చుంటారు, వాన నీళ్లు ఎటు పోతాయి అని లెక్క కట్టడం. వియన్నా నగరం వాళ్లు 1990లలో ఓ చిత్రమైన సంగతి గమనించారు. తొమ్మిదేళ్లు దాటేసరికి ఆడపిల్లలు పార్కుల్లో కనిపించడం బాగా తగ్గిపోతోంది! కారణం వెతికితే, ఉన్న ఒక్క ఆటస్థలం మగపిల్లలదైపోతోంది. 1999లో రెండు పార్కుల్ని మార్చారు. ఒకే పెద్ద మైదానాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు, బాడ్మింటన్, వాలీబాల్‌కి చోటిచ్చారు, లోపలికి దారులు పెంచారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. మన దగ్గర క్రికెట్టు ఆడే మైదానం చూస్తే ఇదేమీ వియన్నాకే పరిమితమైన సంగతిలా అనిపించదు.

అంత దూరం ఎందుకు, హైదరాబాదులో బన్సీలాల్‌పేట మెట్లబావి ఉంది. చెత్తతో పూర్తిగా పూడిపోయిన బావి. 2021లో పూడిక తీయడం మొదలుపెట్టి, 2022 డిసెంబరు 5న జనానికి తెరిచారు. ఆ పనికి ముందు నిలిచినవారు కల్పనా రమేష్ అనే ఆర్కిటెక్టు. లోపల ఊట చావలేదు, చెత్త తీయగానే నీళ్లు వచ్చాయి.

మన డెల్టాలో నీళ్లకేం కొదవ అంటారా? ఉన్నదల్లా నిలవడానికి చోటు లేకపోవడం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మంచినీళ్ల కోసం, పాలపాకెట్ల కోసం పడవల వైపు చేతులు చాచిన ఆడవాళ్లను టీవీల్లో చూశాం. వాగుల అంచులూ, చెరువులూ, పల్లపు పోరంబోకులూ ఖాళీగా పడి ఉన్న జాగాలు కావు. వరద వచ్చిన రోజున ఊరు ప్రాణం నిలబెట్టే చోట్లు.

అయితే మనవాళ్లు చేసే సుందరీకరణ ఎలా ఉంటుంది? గట్టు చుట్టూ సిమెంటు, మధ్యలో పచ్చిక, ప్లాస్టిక్ జిరాఫీ ఒకటి. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది. సరైన పునాది లేకుండా పరిచిన టైల్సు ఎగుడుదిగుడై, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు అక్కడ నడవలేరు. పచ్చికకు రోజూ నీళ్లు కావాలి, నీడ మాత్రం ఇవ్వదు. మే నెల మన ఊళ్లో పచ్చిక మీద కూర్చునేదెవరండీ? వేప, కానుగ, నేరేడు వేస్తే పదేళ్లకు గొడుగు పడుతుంది. త్వరగా ఎదుగుతుందని నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ 2023లో నిషేధించింది.

కంకిపాడు దగ్గర కథ ఇంకొకటి. రాజధాని మాట వచ్చిన 2014 నుంచి ఈ రోడ్డు పొడవునా పొలాలు లేఅవుట్లవుతున్నాయి. నిబంధనల ప్రకారం లేఅవుట్‌లో పదో వంతు ఖాళీగా వదిలి, స్థానిక సంస్థకు రాసివ్వాలి. రేపటి ఊరుమ్మడి స్థలం అదే. ఫ్లాటు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, ఈశాన్యం చూస్తాం, ఆ పదో వంతు ఎక్కడుందో మాత్రం అడగం! ఆమోదించిన ప్లానులో అది కనిపిస్తుంది. పంచాయతీ ఆఫీసులో చూపకపోతే సమాచార హక్కు చట్టం కింద కాపీ అడగొచ్చు. ఆక్రమణ జరిగితే కోర్టుల మాట మనవైపే ఉంది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని అన్ని రాష్ట్రాలకూ ఆదేశించింది. ఎన్నేళ్లుగా అనుభవిస్తున్నామన్న సాకు, ఖర్చుపెట్టి కట్టేశామన్న సాకు పనికిరావంది. కాకపోతే అదే తీర్పు భూమిలేని పేదలకూ, దళిత గిరిజనులకూ ప్రభుత్వమిచ్చిన పట్టాలకు మినహాయింపు ఉంచింది. ఆక్రమణల పేరుతో ముందుగా గుడిసెలే పీకే అధికారులకు ఈ ముక్క గుర్తుచేయాలి.

మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లకు కేటాయించారు. పార్కు ప్లాను ముందుకొచ్చినప్పుడు ఆ సగం అడగాల్సినవి పెద్ద విషయాలేం కావు. లోపల ఏముందో రోడ్డు మీంచి కనపడేలా గోడ ఎత్తు తగ్గించమనాలి. దళితవాడ వైపు కూడా ఓ గేటు ఉండాలనాలి. వంట, వడ్డన అయ్యాక మనకు తీరిక దొరికేది రాత్రి ఏడు తర్వాతే గనుక, అప్పటికి దీపాలు వెలగాలి. మరుగుదొడ్డి కట్టి తాళం వేసేయడం కూడా మామూలే గదా, దాని తాళంచెవి ఎవరి దగ్గర, ఏ గంట నుంచి ఏ గంట వరకు ఉంటుందో పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాయించుకోవాలి.