కుంటుతున్న పిల్లవాణ్ణి ఇంటికి పంపకండి

వార్షికోత్సవ సంచికకు హాస్టల్ రోజుల మంచి జ్ఞాపకం ఒకటి రాసివ్వమని తమ్ముళ్ళు అడిగారు. మంచి జ్ఞాపకాలు అందరూ రాస్తారు కనుక నేను మేం చేసిన ఒక తప్పు గురించి, దాని వల్ల నాలో ఏర్పడిన అభిప్రాయం గురించి రాస్తున్నాను.

ఐదో తరగతిలో నా ట్రంకు పెట్టె పక్క పెట్టె ఒక మిత్రుడిది. పొద్దున ప్రార్థనకు బాగానే నడిచి వచ్చేవాడు. సాయంత్రం గ్రౌండు నుంచి వచ్చేటప్పుడు ఎడమ కాలు ఈడ్చేవాడు. ఎక్కడ నొప్పిరా అంటే మోకాలు చూపించేవాడు. పొద్దున లేని కుంటు సాయంత్రం ఎలా వస్తుందని వాడికి "నాటకాలోడు" అని పేరు పెట్టాం. పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. మోకాలికి ఎక్స్-రే తీయిస్తే ఏమీ లేదన్నారు. దసరా సెలవులకు వాళ్ళ నాన్న వచ్చినప్పుడు "కాలు బాగయ్యాక తీసుకురండి" అని చెప్పి పంపారు. వాడు మళ్ళీ రాలేదు.

అది పెర్థెస్ వ్యాధి అని వాడు పెద్దయ్యాక ఒక ఎముకల డాక్టరు తుంటి ఎక్స్-రే చూసి చెప్పారు. తొడ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా ఉండి తుంటి గిన్నెలో తిరుగుతుంది. ఈ జబ్బులో ఆ బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయి, బలం తగ్గి కుంగుతుంది. తర్వాత రెండు నుంచి నాలుగేళ్ళలో కొత్త ఎముక వస్తుంది. అది గుండ్రంగా వచ్చిందా, నొక్కుకుపోయి వచ్చిందా అన్నదాని మీదే ఆ పిల్లవాడి నడక ఆధారపడి ఉంటుంది. తుంటికీ మోకాలికీ ఉమ్మడి నరాలు ఉండటంతో నొప్పి మోకాలిలో తెలుస్తుంది. అందుకే మోకాలు నొప్పి అని కుంటే పిల్లలకు రెండు తుంట్లకూ ఎక్స్-రే తీయించాలి. తిన్నగా పడుకోబెట్టి ఒకటి, కప్పలా కాళ్ళు విప్పించి ఒకటి. మొదట్లో అందులోనూ ఏమీ కనపడకపోవచ్చు. కుంటు తగ్గకపోతే మళ్ళీ తీయించాలి. (కుంటుతో పాటు జ్వరం ఉండి కాలు కింద పెట్టలేకపోతే అది వేరే సంగతి. కీలులో చీము పట్టి ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.)

1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్స్‌లో కాల్వే, జర్మనీలో పెర్థెస్ ఎవరికి వారు ఈ జబ్బును వర్ణించారు. అంతకు ముందు ఏడాది స్వీడన్ వైద్యుడు వాల్డెన్‌స్ట్రామ్ దీన్ని క్షయ అనుకున్నాడు. వందేళ్ళు దాటినా రక్తం ఎందుకు ఆగుతుందో తేలలేదు. 1983లో లివర్‌పూల్ నగరంలో పరిశీలిస్తే పేదల పేటల్లో ఎక్కువగా కనిపించింది. మన పొరుగున కర్ణాటకలో మణిపాల్ వైద్యులు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా నాలుగు, ఎనిమిదేళ్ళ మధ్య మొదలవుతుంది. మన దక్షిణాది పిల్లల్లో కాస్త ఆలస్యంగా వస్తుందని వారు గమనించారు. ఎనిమిదేళ్ళు దాటాక వస్తే ఎముక తిరిగి గుండ్రపడటానికి వ్యవధి తక్కువ. అలాంటి వారిలో చాలామందికి ఆపరేషన్ మేలు చేస్తుంది, అదీ బంతి కుంగకముందే చేస్తే. మనం మూడు, నాలుగు తరగతుల్లో హాస్టల్లో చేరే వయసు సరిగ్గా అదే.

ఇక నా అభిప్రాయం. వార్డెన్ గార్ల భయం నాకు అర్థమవుతుంది. వందమంది పిల్లలు, ఒక్క మనిషి. పడితే బాధ్యత ఎవరిది? కానీ ఇంటికి పంపితే వాడు పరిగెత్తడం మానేస్తాడా? మేకల వెంట వెళతాడు, పత్తి చేలోకి వెళతాడు. మా వాడు వెళ్ళాడు. ఆపరేషన్ అప్పుడు, కట్టు ఉన్నన్నాళ్ళు అమ్మానాన్నల దగ్గర ఉండవలసిందే. మిగతా కాలమంతా డాక్టరు చెప్పినట్టు పరుగు, గెంతులు మానుకుంటే చాలు, బడికి వెళ్ళవచ్చు. కింది అంతస్తులో చోటు, భోజనానికి ఒక కుర్చీ, బకెట్ మోసిపెట్టే స్నేహితుడు ఉంటే హాస్టల్లోనే చదువుకుంటాడు. "బాగయ్యాక రా" అంటే మూడేళ్ళు ఆగమని చెప్పడమే. మూడేళ్ళు ఆగిన మనవాడు తిరిగి వచ్చి బెంచీ మీద కూర్చోడు.

2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడికి వచ్చినప్పుడు వరసలో నిలబెట్టి చూస్తే కుంటు కనపడదు. వరండా ఆ చివర దాకా నడిపించి చూడమని అడగండి, సాయంత్రమైతే మరీ మంచిది. పూర్వ విద్యార్థులం ప్రతి ఏడూ షామియానాకు చందాలు వేసుకుంటున్నాం. ఈసారి అందులో కొంత ఇలాంటి పిల్లవాణ్ణి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళే ఖర్చులకు పక్కన పెడదామని నా ప్రతిపాదన. వెంట వెళ్ళడానికి నేను సిద్ధం.

ఈ సభకు మా వాణ్ణి కూడా పిలిచాను. ఇప్పుడు వాడికి ఎడమ కాలు పొట్టి, మెట్లు ఎక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాలి. "ఐదో తరగతిలో వెళ్ళిపోయినోణ్ణి, నన్ను కూడా పూర్వ విద్యార్థి అంటారా?" అని అడిగాడు. అంటారని చెప్పి, జాబితాలో వాడి పేరు రాయించాను.