ప్రభుత్వ బ్యాంకులకు లాభాలొచ్చాయి.. మరి సమస్యేంటి?

మీ జీతం ప్రైవేటు బ్యాంకులో పడుతుంది. ఊళ్లో నాన్న పంట రుణం, అమ్మ డ్వాక్రా సంఘం ఖాతా మాత్రం ప్రభుత్వ బ్యాంకులోనే ఉంటాయి. చాలా తెలుగు కుటుంబాల్లో ఇదే లెక్క. అందుకే ప్రభుత్వ బ్యాంకుల భవిష్యత్తు మనందరి ఇంటి విషయం.

ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?

2017లో 27 ఉండేవి. ప్రధానంగా విలీనాల వల్ల 2020 ఏప్రిల్ నాటికి 12 మిగిలాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో కలిసింది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమైంది.

నిజంగా కోలుకున్నాయా?

అంకెల్లో చూస్తే అవును. 2018 మార్చిలో వాటి స్థూల మొండి బకాయిలు 14 శాతం దాటాయి. 2025 మార్చికి 2.58 శాతానికి దిగాయి. 2024-25లో 12 బ్యాంకుల నికర లాభం దాదాపు 1.78 లక్షల కోట్లు. అందులో దాదాపు 40 శాతం ఒక్క ఎస్‌బీఐదే. అయితే ఈ కోలుకోవడంలో మన పన్నుల సొమ్మూ ఉంది. 2016-17 నుంచి ఐదేళ్లలో కేంద్రం వీటికి భారీగా మూలధనం సమకూర్చింది. పాత బాకీలెన్నో 'రైటాఫ్' పద్దులోకి వెళ్లాయి. రైటాఫ్ అంటే మాఫీ కాదు, వసూలు ప్రయత్నం కొనసాగుతుంది.

అమ్మేస్తారా?

రెండు బ్యాంకులను ప్రైవేటీకరిస్తామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2021 బడ్జెట్‌లో ప్రకటించారు. అందుకు కావాల్సిన చట్ట సవరణ బిల్లు ఆ ఏడాది శీతాకాల సమావేశాల జాబితాలో చేరినా సభ ముందుకు రాలేదు.

నా డిపాజిట్ సంగతి?

డిపాజిట్ బీమా ప్రభుత్వ, ప్రైవేటు బ్యాంకులకు ఒక్కటే. ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకు.

అసలు చిక్కెక్కడ?

లాభం రాని పని ఎవరు చేయాలన్నదే అసలు ప్రశ్న. జన్‌ధన్ ఖాతాల్లో నాలుగింట మూడొంతులకు పైగా ప్రభుత్వ బ్యాంకుల్లోనే ఉన్నాయి. ప్రాధాన్య రంగాలకు 40 శాతం రుణాలివ్వాలన్న నిబంధన ప్రైవేటు బ్యాంకులకూ ఉంది. కానీ లక్ష్యం చేరకపోతే, మించి ఇచ్చిన బ్యాంకు నుంచి సర్టిఫికెట్లు కొని లోటు పూడ్చుకోవచ్చు. ఊళ్లో కౌంటర్ తెరిచి కూర్చోవడాన్ని మాత్రం అలా కొనుక్కోలేరు.

కాబట్టి మరో విలీనం వార్త వస్తే, కొత్త బ్యాంకు ఎంత పెద్దదన్నది ఒక్కటే చూడకండి. ఏ శాఖలు మూతపడతాయో చూడండి. నగరంలో ఒకే వీధిలోని రెండు శాఖలు ఒకటైతే పెద్ద ఇబ్బంది లేదు. ఊళ్లో ఉన్న ఒక్క శాఖా పోతే, డ్వాక్రా మహిళ వాయిదా కట్టడానికి ఆటో ఎక్కి మండల కేంద్రానికి వెళ్లాలి. ఆటో చార్జీతో పాటు ఆ రోజు కూలీ పోతుంది. ఆ నష్టం ఏ బ్యాంకు బ్యాలెన్స్ షీట్‌లోనూ కనిపించదు.