సుభద్ర మీద మోపిన నేరం

కొడుక్కి ముప్పై ఏళ్లకే షుగర్ వస్తే, తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నదో ఆరా తీస్తున్నాం. పాపకు ఆయాసం వస్తే ఎన్ని నెలలు తల్లిపాలు తాగిందని అడుగుతున్నాం. బిడ్డ లావెక్కినా, చదువులో వెనకబడినా, నలుగురిలో కలవకపోయినా వేలు తిరిగి తిరిగి ఆమె వైపే చూపిస్తోంది. ఇదివరకు ఈ పని ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు చేసేవాళ్లు. ఇప్పుడు దానికి ఎపిజెనెటిక్స్ అనే శాస్త్రం పేరు తోడైంది. గర్భసంస్కారం తరగతులు నడిపేవాళ్లూ, వీడియోల్లో సలహాలిచ్చేవాళ్లూ, పత్రికల్లో ఆరోగ్య శీర్షికలు రాసేవాళ్లూ ఒకే మాట చెబుతున్నారు. తల్లి తిండి, తల్లి మనసు, తల్లి పాలు బిడ్డ జన్యువుల మీద జీవితాంతం చెరగని గుర్తులు వేస్తాయట. కాబట్టి అమ్మా, అంతా నీ చేతుల్లోనే ఉందట.

ఈ వాదం మొదటి సగంలో కొంత నిజముంది. రెండో సగం తప్పు, పైగా క్రూరం.

పాల దగ్గరే మొదలుపెడదాం. అందరు తల్లుల పాలూ ఒకేలా ఉండవు. ఆ తేడాల్లో కొన్ని పుట్టుకతో వచ్చినవి. రొమ్ము కణాల నుంచి జింక్‌ను పాలలోకి చేరవేసే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఎస్‌ఎల్‌సి30ఎ2. అందులో లోపం ఉన్న తల్లుల పాలలో జింక్ బాగా తగ్గిపోతుంది. తల్లిపాల మీదే పెరుగుతున్న బిడ్డకు నోటి చుట్టూ, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకోవచ్చు, బరువు పెరగదు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ బాలింత పథ్యం సరిగ్గా చేయలేదనే అంటారు. నిజానికి ఆమె తిండిలో లోపం లేదు, రక్తంలో జింక్ మామూలుగానే ఉంటుంది. ఆమె ఎంత జింక్ మింగినా పాలలోని లోటు తీరదు. బిడ్డకే నేరుగా జింక్ మందు పోస్తే తొందరగానే చర్మం మామూలుకొస్తుంది. తల్లిపాలు మాన్పించాల్సిన పనే లేదు. ఇది అరుదైన సమస్యే. కానీ ‘పాలు మంచివి కావు’ అనే నిందకు, అసలు కారణానికి మధ్య ఎంత దూరం ఉండగలదో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

అంత అరుదు కానివీ ఉన్నాయి. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండేవి ఆలిగోశాకరైడ్లనే చక్కెరలు. బిడ్డ వాటిని అరిగించుకోలేడు. అవి పేగులో ఉండే మేలుచేసే బ్యాక్టీరియాకు తిండి. ఆ చక్కెరల్లో ముఖ్యమైన ఒక రకం తయారు కావాలంటే తల్లిలో ఎఫ్‌యుటి2 అనే జన్యువు పనిచేయాలి. యూరప్‌లో సుమారు ఐదుగురిలో ఒకరికి అది పనిచేయదు. ఆ తల్లులు ఏ తప్పూ చేయలేదు, వాళ్ల పాలు తాగి తరతరాలుగా పిల్లలు పెరుగుతూనే ఉన్నారు.

ఇక ఎపిజెనెటిక్స్ సంగతి. జన్యువు రాత మారకుండానే, ఏది ఎప్పుడు ఎంత పనిచేయాలో నియంత్రించే రసాయన గుర్తులు డీఎన్‌ఏ మీదా, దాని చుట్టూ ఉంటాయి. మిథైల్ గుర్తులు వాటిలో ఒక రకం. మొదటి కాన్పుకన్నా రెండో కాన్పుకు పాలు తొందరగా పడతాయని కాన్పులు చేసిన పెద్దవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో కమీలా దోస్ సాంతోస్ బృందం 2015లో చుండెలుకల మీద దీనికి ఒక ఆధారం చూపింది. మొదటి గర్భం తర్వాత క్షీరగ్రంథి కణాల్లో కొన్నిచోట్ల మిథైల్ గుర్తులు తొలగిపోయి, చాలాకాలం అలాగే ఉండిపోయాయి. మళ్లీ గర్భం వచ్చినప్పుడు ఆ గ్రంథి ముందుకన్నా చురుగ్గా స్పందించింది. మనుషుల్లోనూ అచ్చంగా ఇదే జరుగుతుందని చెప్పడానికి ఇది చాలదు. అయినా దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. తొలిచూలు బాలింతకు పాలు నెమ్మదిగా పడితే అది ఒంటి తీరు, ఆమె నేరం కాదు.

కానీ మన ప్రసూతి వార్డుల్లో ఏం జరుగుతోంది? ఆపరేషన్ కాన్పు అయి రెండో రోజు. కుట్ల నొప్పికి ఆ పిల్ల పక్కకు ఒత్తిగిల్లలేకపోతోంది. బిడ్డ ఏడుస్తున్నాడు. మంచం చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. ‘మా ఇంటావంటా పాలు పడనివాళ్లు లేరు’ అని ఒకరు. ‘వాళ్లమ్మకీ ఇంతేనట’ అని ఇంకొకరు. వాతం చేస్తుందని గుక్కెడు నీళ్లే ఇస్తారు మరొకరు. ఇంతలో ఎవరో కిందికెళ్లి డబ్బాపాలు తెస్తారు. మాయ పడిపోయాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తగ్గి, పాలు ధారగా రావడానికి మామూలుగానే రెండు మూడు రోజులు పడుతుందనీ, అప్పటిదాకా వచ్చే ఆ కాసిన్ని ముర్రుపాలే బిడ్డకు సరిపోతాయనీ ఆ నలుగురికీ ఎవరూ చెప్పరు. బిడ్డ డబ్బాపాలు తాగి పడుకుంటాడు. రొమ్ము పట్టడు. పట్టకపోతే పాలు పెరగవు. నాలుగోరోజుకు ఇంటికెళ్లేటప్పుడు ‘పాలు లేని తల్లి’ అనే పేరు ఆమె వెంట వెళుతుంది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తమ్మీద 42.4 శాతం. ఆపరేషన్ కాన్పు తర్వాత పాలు పట్టడం ఆలస్యమవుతుందని వైద్యులకు తెలుసు. ఇన్ని కోతలు కోసే వ్యవస్థను వదిలేసి, కోత పడిన మనిషిని నిలదీయడం ఏం న్యాయం?

తల్లి మీద అభియోగపత్రం రాసేవాళ్లు తప్పకుండా తెచ్చే సాక్ష్యం ఒకటుంది, డచ్ ఆకలి శీతాకాలం. 1944-45 చలికాలంలో నాజీ సైన్యం పశ్చిమ నెదర్లాండ్స్‌కు తిండి చేరకుండా అడ్డుకుంది. ఆ రోజుల్లో కడుపున పడ్డవాళ్లను 60 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఐజిఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు వాళ్ల తోబుట్టువులకన్నా తక్కువగా కనిపించాయి. 2008లో బాస్టియాన్ హేమన్స్, లాంబర్ట్ లూమే బృందం ప్రకటించిన ఈ ఫలితం గొప్పదే. కానీ దాన్ని పూర్తిగా చదవాలి. ఆ తేడా సుమారు ఐదు శాతం. గర్భం నిలిచిన తొలిరోజుల్లో ఆకలికి గురైనవాళ్లలోనే అది కనిపించింది, నెలలు నిండేటప్పుడు ఆకలి చూసినవాళ్లలో కనిపించలేదు. చూసింది రక్తకణాల్లో. గుండెలోనో క్లోమంలోనో ఏం జరిగిందో అది చెప్పదు. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఆ తల్లులు పస్తులుండాలని కోరుకోలేదు. వాళ్ల కంచంలో కూడు లాగేసింది ఒక సైన్యం. ఇంతటి కరువు వేసిన గుర్తును తెచ్చి, మామిడికాయ పచ్చడి తిన్నందుకో, సీరియల్ చూసి కన్నీళ్లు పెట్టుకున్నందుకో తల్లిని భయపెట్టడానికి వాడుతున్నారు.

పాల విషయంలోనూ ఇదే అతి. పాలలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిన్న అణువులు బిడ్డ పేగు దాటి ఒళ్లంతా తిరిగి జన్యువులకు ఆజ్ఞలిస్తాయని ఎంతో ధీమాగా రాస్తున్నారు. 2015లో దాన్ని సూటిగా పరీక్షించారు. కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అసలే లేని చుండెలుక పిల్లలను, అవి పుష్కలంగా ఉన్న తల్లుల దగ్గర పాలు తాగించారు. పిల్లల రక్తంలో, కాలేయంలో చెప్పుకోదగినంతగా అవి చేరిన దాఖలా దొరకలేదు. ఒక్క ప్రయోగంతో చర్చ ముగిసిపోదు. ఇంకా తేలని విషయాన్ని తేలినట్టు చెప్పి బాలింతను బెదిరించే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

మరి తల్లిపాలు గొప్పవి కావా? గొప్పవే. ఎంత గొప్పవో కొలిచిన అతిపెద్ద ప్రయోగం బెలారస్‌లో జరిగింది. 1996-97లో 31 ప్రసూతి ఆసుపత్రులు, 17,046 మంది తల్లీబిడ్డలు. సగం ఆసుపత్రుల్లో సిబ్బందికి శిక్షణ ఇచ్చి, పాలివ్వడంలో తల్లులకు చేయూతనిచ్చారు. మూడు నెలలకు అక్కడ 43.3 శాతం బిడ్డలు పూర్తిగా తల్లిపాల మీదే ఉన్నారు. మిగతాచోట్ల 6.4 శాతం. మొదటి ఏడాదిలో విరేచనాల జబ్బులు, చర్మం మీద ఎగ్జిమా దద్దుర్లు తగ్గాయి. మన దేశంలో విరేచనాలు పసిప్రాణాలు తీస్తాయి కాబట్టి ఈ ఒక్క లాభం చాలు తల్లిపాల కోసం పోరాడటానికి. అయితే అవే పిల్లలకు పదకొండున్నర ఏళ్లు వచ్చాక చూస్తే లావులో తేడా లేదు. పాలు తక్కువ తాగినందుకే బిడ్డ ఊబకాయుడయ్యాడని తీర్పులు చెప్పేవాళ్లు ఈ ఫలితాన్ని ఎందుకు దాచిపెడతారు? ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ పెరిగింది తల్లుల సంకల్పబలం కాదు, ఆసుపత్రుల చేయూత.

గర్భసంస్కారం ప్రకటనల్లో అభిమన్యుడు లేకుండా ఉండడు. కడుపులోనే పద్మవ్యూహం విన్నాడట. సుభద్ర మధ్యలో నిద్రపోయింది కాబట్టి బయటపడే దారి వినలేదట. మనవాళ్లు చెప్పుకునే కథ ఇది. వ్యాసభారతంలో ఆ కుర్రవాడు చెప్పేది వేరు. లోపలికి చొచ్చుకుపోవడం తండ్రి నేర్పాడు, తిరిగి రావడం తనకు తెలియదంటాడు. తెలిసి తెలిసీ పెదనాన్న ధర్మరాజు పంపాడు. వెనకే వస్తామన్నవాళ్లను సైంధవుడు ఆపేశాడు. మహారథులు చుట్టుముట్టి చంపారు. ఇంతమంది ఉండగా, నెలలు నిండుతున్న ఒక ఆడమనిషికి పట్టిన కునుకు మీద ఆ చావును మోపిన బుద్ధే ఈనాడు మిథైల్ గుర్తుల పేరుతో మాట్లాడుతోంది. తండ్రి పాత్ర గురించి అడిగేవాళ్లే లేరు. 2010లో సిడ్నీలో మార్గరెట్ మోరిస్ బృందం మగ ఎలుకలకు కొవ్వు తిండి పెడితే, వాటికి పుట్టిన ఆడపిల్లల్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు దెబ్బతిన్నాయి. మగవాళ్లకు గర్భసంస్కారం తరగతి ఎక్కడైనా పెట్టారా?

పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ దశాబ్దాలుగా చేస్తున్న పరిశోధన ఇంకో పాఠం చెబుతుంది. అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 3.5. చూడ్డానికి బక్కగా ఉన్నా మన బిడ్డల ఒంట్లో కొవ్వు వాటా మాత్రం తగ్గలేదు. గర్భంతో ఉండగా ఫోలేట్ ఎక్కువగా, బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆమె సొంతంగా కొనుక్కున్నది కాదు, ఆరోగ్య కార్యకర్త చేతిలో పెట్టింది. బి12 దొరికే పాలు, గుడ్లు, మాంసం ఆ కంచంలోకి చాలినంత రాలేదు. చెప్పినట్టు మాత్ర వేసుకున్న మనిషిది తప్పెలా అవుతుంది?

మన గడ్డ మీదే ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో ఒక పోషకాహార ప్రయోగం జరిగింది. అంగన్వాడీలు నడిపే ఐసిడిఎస్ పథకం అప్పటికే వచ్చిన 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ తిండి పెట్టారు, టీకాల వంటి సేవలు జతచేశారు. పథకం ఇంకా రాని 14 ఊళ్లతో పోల్చారు. 2003-05లో ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో ఉండగా 1,165 మందిని మళ్లీ పరీక్షించారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వాళ్లలో ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ. రక్తనాళాలు అంత బిరుసెక్కలేదు. రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో గట్టి తేడా కనబడలేదన్నది కూడా చెప్పాలి. అయినా ఇది చిన్న విషయం కాదు. ఆ తల్లుల్లో ఎవరూ శ్రావ్యమైన సంగీతం వినలేదు, సానుకూల ఆలోచనల తరగతికి వెళ్లలేదు. ఊరికి అంగన్వాడీ వచ్చింది. పదిహేనేళ్ల తర్వాత పిల్లల రక్తనాళాల్లో కూడా తేడా కనబడింది.

ఇలా మాట్లాడితే తల్లులు నిర్లక్ష్యంగా తయారవుతారనీ, డబ్బాపాల కంపెనీలకు మేలు చేసినట్టవుతుందనీ కొందరు మంచివాళ్లే భయపడుతున్నారు. వాళ్లు వాస్తవం చూడాలి. డబ్బాపాల ప్రచారాన్ని మన దేశం 1992 చట్టంతో నిషేధించింది, 2003లో ఇంకా బిగించింది. అయినా డబ్బా ఇంట్లోకి వస్తున్నది ధీమాగా ఉన్న తల్లి వల్ల కాదు. తన పాలు చాలవేమో, మంచివి కావేమోనని వణికిపోతున్న తల్లి వల్ల. భయం పెంచేవాళ్లే ఆ డబ్బాకు తలుపు తీస్తున్నారు.

నేను అడిగేది ఇది. ఆసుపత్రిలో ఆపరేషన్ కాన్పైనా బిడ్డను తొలిగంటలోనే రొమ్ముకు పట్టించే నర్సు ఉండాలి. పొలంలో, బట్టల షాపులో, ఇటుకబట్టీలో పనిచేసే బాలింతకు కూడా జీతంతో సెలవు దొరకాలి. 2017 చట్టం ఇచ్చిన 26 వారాలు ఆమెదాకా రాలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని అదే కుటుంబ సర్వే చెబుతోంది, అంగన్వాడీ భోజనంలో గుడ్డూ పాలూ ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఉద్యోగంలో ప్రసూతి ప్రయోజనం లేని ప్రతి గర్భిణికీ, బాలింతకూ కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలని 2013 ఆహార భద్రతా చట్టం చెబుతోంది. కేంద్రం తన పథకంలో దాన్ని మొదటి కాన్పుకు 5,000కు కుదించింది, రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే ఇస్తోంది. రెండోసారి మగబిడ్డను కన్న బాలింతకు ఆ పథకం కింద ఒక్క రూపాయి రాదు.