మొదటి బోర్డు ఈఎస్‌పీ32 కాదు, ఊనోనే

ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలి, ఏ బోర్డు కొనాలి అని ఎవరడిగినా ఇప్పుడు వినిపించే మాట ఒకటే: ఈఎస్‌పీ32. స్పెక్స్ చూస్తే కాదనలేం. రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్, 520 కేబీ ర్యామ్, వైఫై, బ్లూటూత్. దాని పక్కన ఆర్డుయినో ఊనో ఆర్3 పెడితే 16 మెగాహెర్ట్జ్, 2 కేబీ ర్యామ్, అంతే. అయినా మొదటిసారి వైరు పట్టుకునే పిల్లలకి నేను ఊనోనే చెప్తాను.

ఉప్పలగుప్తంలో ఒక ఎనిమిదో తరగతి కుర్రాడికి నేర్పుతున్నాం అనుకోండి. చుట్టూ రొయ్యల చెరువులు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ టైంలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, ఎవరో ఒకరు లేచి జనరేటర్ వెయ్యాలి. కాబట్టి మొదటి ప్రాజెక్టు ఎల్‌ఈడీ మిణుకుమిణుకులు కాదు, కరెంటు పోతే మోగే అలారం. పాత ఫోన్ చార్జర్ కేబుల్ కోసి ఎర్ర వైరు ఊనో 2వ పిన్‌కి, నల్ల వైరు గ్రౌండ్‌కి. ఆ పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఇంకో పిన్‌కి బజర్. బోర్డుకి పవర్ బ్యాటరీ నుంచి. చార్జర్ ఆగితే పిన్ సున్నా, బజర్ మోత. 230 వోల్ట్‌ల వైపు చెయ్యి పెట్టే పనే లేదు. (పవర్‌బ్యాంక్ వాడితే ముందు చూసుకోండి. ఊనో తీసుకునే కాస్త కరెంటుకి చాలా పవర్‌బ్యాంక్‌లు ఏమీ తగిలించలేదనుకుని ఆఫ్ అయిపోతాయి.)

ఇదే వైరు ఈఎస్‌పీ32కి పెడితే? దాని పిన్‌లు 3.3 వోల్ట్‌లవి. 5 వోల్ట్‌లు నేరుగా ఇస్తే పిన్ పోవచ్చు, బోర్డే పోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై పికోదీ అదే కథ. రెండు రెసిస్టర్లతో వోల్టేజ్ తగ్గించొచ్చు కదా అంటారు. తగ్గించొచ్చు, అదీ మంచి పాఠమే. కానీ నాలుగో వారం పాఠం, మొదటి రోజుది కాదు. మొదటి రోజే బోర్డు కాలిపోతే, కొత్తది కొరియర్‌లో వచ్చేలోపు కుర్రాడి ఉత్సాహం కూడా పోతుంది.

ఊనో ఆర్3లో ఇంకో సుఖం, చిప్ సాకెట్‌లో కూర్చుని ఉంటుంది. కాలిపోతే చిప్ ఒక్కటే పీకి మార్చొచ్చు. అయితే కొనేటప్పుడు బూట్‌లోడర్ వేసిన చిప్ అడగండి. బోర్డు కొనేటప్పుడు కూడా ఫొటో చూడండి: పొడవాటి నల్ల చిప్ కనపడాలి. చిన్న చదరపు చిప్ అతికించిన క్లోన్లలో ఈ సౌకర్యం ఉండదు. 2023లో వచ్చిన ఊనో ఆర్4లోనూ చిప్ ఊడదు, పిన్‌కి 8 మిల్లీ ఆంప్స్ దాటకూడదు. కొత్తదని దానికి పరిగెత్తకండి.

2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల కింద ఎంపికైన స్కూళ్లకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. అలా కొన్న బోర్డుని పాడవుతుందేమోనని బీరువాలో పెడితే అందులో ఎన్ని కోర్లుంటే ఏంటి? పిల్లల చేతికి భయం లేకుండా ఇవ్వగలిగేదే కావాలి.

ఇంట్లో ల్యాప్‌టాప్ లేకపోయినా ఓటీజీ కేబుల్, ఆర్డుయినోడ్రాయిడ్ యాప్ ఉంటే ఆండ్రాయిడ్ ఫోన్ నుంచే ఊనోకి కోడ్ ఎక్కించొచ్చు.

ఇక చెరువు గట్టున మోగే అలారం ఇంటిదాకా వినపడట్లేదు, ఫోన్‌కి రావాలి అని ఆ కుర్రాడే అడుగుతాడు. ఈఎస్‌పీ32 ఆ రోజు కొనండి.